పొగలో పోయిన కట్టె

మన తెలుగునాట చలికాలమనగా పుష్యమాసపు నాలుగు వారముల ముచ్చట. కంబళి కప్పుకొని, వాకిట నాలుగు పుల్లలు పోగుచేసి చలిమంట వేసికొన్నచో అది గడచిపోవును. భోగినాటి మంట మనకు పండుగయే గాని అవసరము కాదు. కాని భూగోళమున ఉత్తరపు దేశములు కొన్ని ఏటికి నాలుగైదు నెలలు మంచుక్రింద ఉండును. అచ్చట ఇంటిలోని నిప్పు ఆరినచో గొట్టములలోని నీరు గడ్డకట్టి గొట్టములు పగులును. పసిపిల్లలకును వృద్ధులకును ప్రాణాపాయము వాటిల్లును. అందుచేత ఒక కట్టెపేడునుండి ఎంత వేడిమిని రాబట్టగలమన్న ప్రశ్న ఆ దేశములవారికి తరతరములుగా బ్రతుకుతెరువు ప్రశ్నయై యున్నది. ఆ ప్రశ్నకు మానవుడు వెదకికొన్న సమాధానముల చరిత్రను మనమిప్పుడు కొంత పరిశీలింతము.

అమెరికా సంయుక్త రాష్ట్రముల ఉత్తర భాగములయందును, కెనడాయందును పల్లెపట్టుల ఇండ్ల వెనుక, కొన్ని గజముల దూరమున, చిన్న కొట్టువంటి రేకుల కట్టడ మొకటి అక్కడక్కడ కనబడుచుండును. దానిపై ఒక పొట్టి పొగగొట్టము. అది ఇంటిని వెచ్చజేయు కట్టెల ఫర్నేసు. 1980 తరువాతి దశాబ్దములలో అది వాడుకలోనికి బాగుగా వచ్చెను. దాని నిర్మాణము మన గృహిణులకు సులభముగనే బోధపడును. స్నానమునకు నీళ్లు కాచుకొను రాగి బాయిలరు మన ఇండ్లలో పలువురు ఎరిగినదే: నడుమ నిప్పుగొట్టము, చుట్టును నీరు. ఆ బాయిలరునే ఒక చిన్న గదియంత చేసి పెరటిలో నిలిపినట్లు ఊహించుకొన్నచో చాలును. నిప్పుపెట్టె చుట్టునున్న నీరు వేడెక్కగా, పంపు ఆ నీటిని భూమిలో పాతిన గొట్టములగుండ ఇంటికి నెట్టును. నీరు తన వేడిని ఇంటిలో విడిచి, చల్లబడి, మరల ఫర్నేసును చేరుకొనును. నిప్పు, బూడిద, కట్టెల చెత్త అన్నియు ఇంటి వెలుపలనే యుండును. ఇల్లు అంటుకొను భయము తగ్గును. దినమునకు ఒకటి రెండు మారులు మొద్దులు వేసిన చాలును.

ఇన్ని సదుపాయములున్నను ఈ ఫర్నేసు రెండు అపకీర్తులను మూటగట్టుకొన్నది. ఒకటి, కట్టెను అమితముగా తినుననుట. రెండవది, ఇరుగుపొరుగులపై పొగ క్రమ్మించుననుట. నిజమునకు ఇవి రెండు దోషములు కావు, ఒకే దోషమునకు రెండు ముఖములు. అది యెట్లో తెలియుటకు మనము చాల వెనుకకు పోవలయును.

నిప్పును గది వెలుపల నుంచి, వేడిని మాత్రము లోనికి తెచ్చుకొనవలెనను ఊహ క్రొత్తది కాదు. క్రీస్తుకు పూర్వము మొదటి శతాబ్దమునకు చెందిన రోమను వాస్తుశాస్త్రజ్ఞుడు విట్రూవియస్ తన గ్రంథమున స్నానశాలల నేలను వెచ్చజేయు విధానమును వివరించినాడు. 8 అంగుళముల ఇటుకలతో 2 అడుగుల ఎత్తు స్తంభములు కట్టి, వానిపై నేలను పరతురు. గోడ కవతలనున్న పొయ్యిలో మంట వేయగా, వేడిగాలియు పొగయు ఆ స్తంభముల నడుమ ప్రాకి పై నేలను వెచ్చజేయును. అడుగునేల పొయ్యివైపునకు వాలియుండవలెననియు, అందు ఒక బంతిని విసరినచో అది నిలువక పొయ్యినోటికే దొర్లి రావలెననియు ఆయన నియమము. వేడిగాలి పైకెక్కు స్వభావము కలదని ఎరిగిన నిర్మాతల పద్ధతి యిది. తరువాతి కాలమున గోడలలో సైతము బోలు పెంకులను అమర్చి వేడిని పైకి నడిపించిరి. అయితే ఆ బరువైన కట్టడము వేడెక్కుటకు చాల కాలము పట్టెడిది. కావున పొయ్యిని ఎడతెగక మండించుచుండిరి. కట్టెలు మోయుటకును కాల్చుటకును బానిసలున్న సమాజమునకు పొదుపును గూర్చిన చింత అంతగా పుట్టకపోవుట వింత కాదు.

ఆసియాఖండమున కొరియా ప్రజలు ఇదే ఊహను సామాన్యుని గుడిసెవరకు తెచ్చిరి. వారి 'ఓందోల్' పద్ధతిలో పొయ్యినోరు పడకగదికి వెలుపల, తరచు వంటింటిలో ఉండును. మంటయు పొగయు గది నేలక్రింది రాతిపలకల అడుగున అడ్డముగా ప్రయాణము చేసి, అవతలి ప్రక్కనున్న పొగగొట్టమునుండి వెడలిపోవును. పలకలపై మట్టి మెత్తి, దానిపై నూనె పట్టించిన కాగితము అంటింతురు. సాయంకాలము అన్నము వండిన నిప్పే రాత్రియంతయు పడకను వెచ్చగా ఉంచును. ఒకే కట్టెతో రెండు పనులు నెరవేరుట ఇందలి తెలివి. ఇరువదవ శతాబ్దమున పట్టణములలో కట్టెకు బదులు బొగ్గుపొడి దిమ్మలను కాల్చుట ఆరంభమైనప్పుడు మాత్రము విపత్తు సంభవించినది. నేల పగుళ్లలోనుండి కంటికి కనబడని, వాసనలేని కార్బన్ మోనాక్సైడు వాయువు గదిలోనికి ప్రవేశించి, నిద్రించువారిని నిద్రలోనే బలిగొన్న సంఘటనలు అనేకము జరిగినవి. తరువాత అచ్చటి ఇండ్లలో పొగకు బదులు వేడినీటి గొట్టములను నేలక్రింద పరచు పద్ధతి స్థిరపడెను. నిప్పు ఎచ్చట మండిననేమి, మండని వాయువు ఎచ్చటికి పోవుచున్నదో కనిపెట్టియుండవలెనని ఈ చరిత్ర మనకు నేర్పును.

ఇక కట్టె పొదుపు రాజ్యవిధానముగా మారిన కథకై స్వీడను దేశమునకు పోదము. పదునెనిమిదవ శతాబ్దమున ఆ దేశపు సంపదకు ఇనుము ఆధారము. ఇనుము కరగించుటకు కట్టెబొగ్గు ఆధారము. కట్టెబొగ్గునకు అడవి ఆధారము. ఒకవంక ఇనుప కొలుములు, మరియొకవంక లక్షలాది ఇండ్ల పొయ్యిలు అడవిని తినుచుండగా ప్రభుత్వము భయపడెను. 1767లో రాజ్యమండలి కార్ల్ యోహాన్ క్రోన్‌స్టెట్ అను వాస్తుశిల్పిని, ఫాబియన్ వ్రేదెను పిలిచి, తక్కువ కట్టెతో ఎక్కువ వేడినిచ్చు పొయ్యిని కల్పింపుడని కోరెను. వారు కనిపెట్టిన పొయ్యిలో పొగ తిన్నగా పైకి పోదు. ఇటుకలతో కట్టిన నిలువు దారులలో ఎక్కుచు దిగుచు, మరల ఎక్కుచు, తన వేడినంతయు ఇటుకలకు సమర్పించి చివరకు బయటపడును. గృహస్థుడు సన్నగా చీల్చిన ఎండుపేళ్లను ఒక్కమారు పేర్చి, గాలి ధారాళముగా ఆడనిచ్చి, పెద్దమంటగా కాల్చివేయును. నిప్పులు పూర్తిగా ఆరిన పిమ్మట పొగదారిని మూసివేయును. అటుపై మంట లేకున్నను, పింగాణీ పలకలు తొడిగిన ఆ ఇటుకల రాశి గంటలతరబడి మెల్లమెల్లగా వేడిని విడుచుచుండును.

ఈ పొయ్యిలోని సూత్రమును మన శ్రోతలు జ్ఞాపకముంచుకొనవలెనని మా మనవి. మంటను మెల్లగా కాల్చుట కాదు, వేడిని మెల్లగా వాడుకొనుట అసలైన పొదుపు. ఈ రెండింటికిని గల భేదమును మరచినందువలననే రెండువందల యేండ్ల తరువాత పెరటి ఫర్నేసు అపకీర్తి పాలైనది.

అదే శతాబ్దమున అమెరికాలో బెంజమిన్ ఫ్రాంక్లిన్ మరియొక మార్గమును త్రొక్కెను. పూర్వము ఇంటి గుమ్మముకడనే దొరకిన వంటచెరకును కొన్ని పట్టణములకు దాదాపు 100 మైళ్ల దూరమునుండి తేవలసివచ్చుచున్నదని ఆయన 1744లో ప్రకటించిన చిరుపొత్తములో వ్రాసెను. ఆయన కల్పించిన ఇనుప పొయ్యిలో పొగ ముందు పైకెక్కి, పిదప క్రిందికి దిగి, నేలమట్టమునుండి పొగగొట్టమును చేరవలెను. ఊహ మంచిదే. కాని పొగగొట్టము చల్లగానున్నప్పుడు పొగ క్రిందికి దిగుటకు మొరాయించి గదిలోనికే వచ్చెడిది. తరువాతివారు ఆ దారిని సరిదిద్దిరి. గవర్నరు పేటెంటు నిచ్చుటకు సిద్ధపడినను ఫ్రాంక్లిన్ దానిని గ్రహింపలేదు. ఇతరుల ఆవిష్కరణలవలన తాము లాభము పొందుచున్నప్పుడు, తమ ఆవిష్కరణను ఇతరులకు ఉదారముగా అందించుటయే తగునని ఆయన భావము.

మసాచుసెట్సులో 1753లో పుట్టి, బవేరియాలో ఉన్నతోద్యోగము చేసి, కౌంట్ రంఫర్డు అను బిరుదు పొందిన బెంజమిన్ థాంప్సన్ 1796లో లండనులోని గోడపొయ్యిలను చక్కదిద్దు పద్ధతిని ప్రకటించెను. ఆయన పొయ్యి లోతును తగ్గించి, ప్రక్కగోడలను ఏటవాలుగా నిలిపి, పొగ పోవు గొంతును కొలది అంగుళములకు ఇరుకు చేసెను. ఏటవాలు గోడలు వేడిని గదిలోనికి మరలించును. ఇరుకుగొంతు గదిలోని వెచ్చని గాలి వృథాగా కొట్టుకొనిపోకుండ కాపాడును. వేడియనగా ఒక ద్రవ్యము కాదు, ఒకవిధమైన చలనమని ఫిరంగులు తొలుచు పని చూచి 1798లో వాదించిన శాస్త్రజ్ఞుడు ఈయనయే. పొయ్యిని బాగుచేయుటయు, ఉష్ణతత్త్వమును శోధించుటయు ఆయనకు వేరువేరు పనులు కావు.

ఇంతకును కట్టెలో కాలునదేమి? కట్టె నేరుగా మండునని మనము అనుకొందుము. వేడి తగిలినప్పుడు కట్టె ముందుగా తనలోని నీటిని ఆవిరిగా వదలును. పిమ్మట తన బరువులో సుమారు మూడువంతులు వాయువులుగా మారి వెడలును. మనకు కనబడు మంట ఆ వాయువులదే. చివరకు మిగులునది బొగ్గు. అది నిప్పుకణములై మెల్లగా కాలును. వాయువులు పూర్తిగా మండవలెనన్నచో మూడు కావలెను: సుమారు 600 సెంటిగ్రేడు డిగ్రీలకు మించిన వేడి, గాలితో చక్కని కలయిక, ఆ రెండింటికిని చాలినంత వ్యవధి. వీనిలో ఏ యొక్కటి లోపించినను, వాయువులు మండక పొగయై పోవును. ఊదుగొట్టముతో ఊదగానే పొగ మాయమై మంట లేచుట మన తల్లులకు ఎరుకయే గదా. ఆ క్షణమున పొగయే మంటగా మారినది. అనగా పొగ కట్టెయొక్క మైల కాదు, మనము కొని తెచ్చుకొన్న వేడియే. మనకు దక్కక పోవుచున్న వేడి.

పచ్చికట్టె సంగతి చూడుడు. అప్పుడే నరకిన కట్టె బరువులో ఇంచుమించు సగము నీరే. 10 కిలోల పచ్చికట్టెలో 5 కిలోల కట్టెయు 5 కిలోల నీరును ఉన్నవనుకొందము. పూర్తిగా ఎండిన కట్టె కిలోకు సుమారు 4,500 కిలోకెలోరీల వేడి నిచ్చును. అనగా మొత్తము 22,500. అందులో 5 కిలోల నీటిని ఆవిరి చేయుటకే 3,000కు పైగా వ్యయమగును. ఏడింట ఒక పాలు ఇట్లు పోయినది. అంతటితో ఆగినచో బాగుండును. ఆ ఆవిరి మంటను చల్లార్చుటచేత వాయువులు మండక మరింత భాగము పొగలో పోవును. అందుచేతనే కట్టెను నరకి, చీల్చి, పైన కప్పు వేసి, ప్రక్కల గాలి ఆడునట్లు పేర్చి, శీతల దేశములలో ఒక యేడాది ఎండబెట్టి వాడవలెనని అనుభవజ్ఞులు చెప్పుదురు.

ఇప్పుడు పెరటి ఫర్నేసు దోషము మనకు తేటపడును. 1973లో అరబ్బు దేశములు చమురు ఎగుమతిపై ఆంక్షలు విధింపగా నూనె ధర పలురెట్లు పెరిగెను. అంతవరకు చమురుతో ఇండ్లు వెచ్చజేసికొన్నవారు పలువురు కట్టెవైపు మరలిరి. తరువాత వచ్చిన పెరటి ఫర్నేసులలో సామాన్యరకమునకు నిప్పుపెట్టె చుట్టును నీరే. నీరు 100 డిగ్రీలకు మించి వేడెక్కదు గనుక నిప్పుపెట్టె గోడలు మంటకు చల్లనివే. వాయువులు ఆ గోడలను తాకి, మండకమునుపే చల్లబడును. దీనికి తోడు నీరు చాలినంత వేడెక్కగానే థర్మోస్టాటు గాలిదారిని మూసివేయును. అప్పుడు నిండుగా వేసిన మొద్దులు మంటలేక, ఆరక, గంటలకొలది కుములుచుండును. ఆ కుముళ్ల పొగ తారువంటి జిగురుమసియై పొగగొట్టమున పేరుకొనును. మిగిలినది పొట్టిగొట్టమునుండి క్రిందుగా ప్రాకి పొరుగింటి కిటికీని చేరును. 'రాత్రియంతయు నిప్పు నిలచినది' అని యజమాని సంతోషించును. నిలచినది నిప్పే, కట్టె మాత్రము పొగలో పోయినది. ఇల్లు కోరుదానికంటె మిక్కిలి పెద్ద ఫర్నేసు కొన్నచో ఈ దోషము మరింత హెచ్చును, ఏలయన అది మండు వేళకంటె కుములు వేళయే ఎక్కువ.

దీనికి సరియైన విరుగుడును మెయిన్ విశ్వవిద్యాలయమున యంత్రశాస్త్రాచార్యుడైన రిచర్డ్ హిల్ 1970 తరువాతి సంవత్సరములలోనే చూపెను. ఆయన రూపొందించిన కట్టెల ఫర్నేసులో మండుచోట నీరు లేదు. నిప్పుకు తాళు ఇటుకవంటి పదార్థము కలదు. ఫాను బలముగా గాలి నూదగా కట్టె పూర్తి వేగముతో, మిక్కిలి వేడిగా కాలిపోవును. మంట పూర్తియైన తరువాతనే వేడివాయువులు నీటిగొట్టములను తాకును. అంత వేడి ఒక్కసారిగా ఇంటికి అక్కరలేదు గనుక దానిని పెద్ద నీటితొట్టిలో నిలువచేసి, కావలసినప్పుడు కావలసినంత ఇంటికి పంపవచ్చును. స్వీడను పొయ్యిలో ఇటుకరాశి చేసిన పనిని ఇచ్చట నీటితొట్టి చేయుచున్నది. ఒక ఘనమీటరు నీటిని 40 డిగ్రీలు వేడెక్కించినచో 40,000 కిలోకెలోరీలు నిలువయగును. అది మంచి ఫర్నేసులో బాగుగా ఆరిన కట్టె సుమారు 15 కిలోలు కాల్చగా చేకూరు వేడి. మంట కొలదిసేపే, వెచ్చదనము ఆ తరువాత చాలసేపు.

తరువాత వచ్చిన మేలిరకపు ఫర్నేసులలో రెండు అరలుండును. పై అరలో కట్టె వేడెక్కి వాయువులను వదలగా, ఫాను వానిని నిప్పుకణములగుండ క్రిందికి లాగి, అదనపు గాలితో కలిపి, క్రింది అరలో తెల్లని మంటగా కాల్చును. ఫ్రాంక్లిన్ పొగను క్రిందికి దింపజూచి పొగగొట్టము సహకరింపక ఇబ్బందిపడిన చోట నేడు ఫాను ఆ పని నెరవేర్చుచున్నది.

శాస్త్రము దారి చూపినను, ఆ దారిని త్రొక్కించుటకు చట్టము అవసరమయ్యెను. అమెరికా పర్యావరణ పరిరక్షణ సంస్థ 2007లో తయారీదారులు స్వచ్ఛందముగా మెరుగుపరచుటకు ఒక పథకమును ప్రారంభించెను. 2015లో క్రొత్త ఫర్నేసులకు నిర్బంధ నియమములు వచ్చినవి. 2020 మే నెలనుండి, వెలువరించు ప్రతి 10 లక్షల బ్రిటిష్ ఉష్ణమానముల వేడికి పొగలోని సూక్ష్మరేణువులు 0.10 పౌనుకు మించరాదని ఆ నియమము. అయినను ఆ నియమములు క్రొత్తగా అమ్మువానికే గాని అప్పటికే పెరటిలోనున్నవానికి వర్తింపవు. ఇచ్చట ఒక ధర్మసంకటము కలదు. సొంత అడవిచెట్లనుండి ఉచితముగా కట్టె తెచ్చుకొను బీదరైతునకు క్రొత్త ఫర్నేసు కొనుట భారము. పాతదే నడుపుచుండినచో పొరుగింటి ఉబ్బసరోగికి ఊపిరి భారము. ఈ తగవు అచ్చటి పల్లెలలో పంచాయతీలవరకు, న్యాయస్థానములవరకు పోయినది. ఎవని పెరడు వానిదే గాని, గాలి ఒక్కని సొత్తు కాదు గదా.

పాత ఫర్నేసు గలవారికి సైతము కొన్ని ఉపాయములు లేకపోలేదు. కట్టెను చీల్చి బాగుగా ఎండబెట్టుట మొదటిది. నిప్పుపెట్టెను మొద్దులతో క్రిక్కిరియ నింపక, ఆ పూట చలికి తగినంతయే వేసి చురుకుగా కాల్చుట రెండవది. నీటితొట్టిని చేర్చి కుములు కాలమును తగ్గించుట మూడవది. భూమిలోని గొట్టములకు వేడి పోనీయని, తడి చొరనీయని తొడుగు వేయుట నాలుగవది. గొట్టముల దారివెంట మంచు కరగి చార కనబడినచో ఫర్నేసు ఇంటికి బదులు నేలతల్లిని వెచ్చజేయుచున్నదని అర్థము. నీటిగోడలపై పేరుకొన్న మసిని తరచు గీకివేయుట అయిదవది. ఇంటి కప్పును, కిటికీ సందులను చక్కజేసికొనుట ఆరవది. దీనివలన ఫర్నేసుతో నిమిత్తము లేకయే కట్టె ఖర్చు తగ్గును.

ఈ చరిత్రలో మన హైదరాబాదునకు సైతము ఒక చిన్న పుట కలదు. హైదరాబాదు ఇంజనీరింగు పరిశోధనాలయమున పనిచేసిన ఎస్.పి. రాజుగారు పొగలేని మట్టిపొయ్యిని రూపొందించి, 1953లో 'స్మోక్‌లెస్ కిచెన్స్ ఫర్ ది మిలియన్స్' అను ఆంగ్లగ్రంథమును వెలువరించిరి. వారి ప్రధానాశయము ఇంటిని వెచ్చజేయుట కాదు, వంటింటి ఇల్లాలి కన్నులను ఊపిరితిత్తులను కాపాడుట. భారత ప్రభుత్వము 1983లో మెరుగుపరచిన పొయ్యిలకై జాతీయ కార్యక్రమమును ఆరంభించుటకు ముప్పదియేండ్ల మునుపే ఇట్టి యత్నము మన నగరమున జరిగినదని స్మరింపదగును. అయితే పొగగొట్టము పొగను వంటింటినుండి తరుమగలదే గాని కాల్చజాలదు. తరిమిన పొగ వీధిని చేరును. కాల్చిన పొగ వేడియై మనకే దక్కును. మంచుదేశపు పెరటి ఫర్నేసునకైనను, మన పెరటి నీళ్లపొయ్యికైనను పరీక్ష ఒక్కటే. నిప్పు బాగుగా అందుకొన్న తరువాత పొగగొట్టము తలపై చూడవలయును. అచ్చట గాలి వేడికి కదలాడుట తప్ప మరేమియు కనబడనిచో కట్టె సద్వినియోగమైనట్లు. నల్లని, తెల్లని పొగ సుళ్లు తిరుగుచున్నచో కట్టెను ఎండబెట్టుటయందో, గాలి ఆడనిచ్చుటయందో సవరింపవలసినది ఇంకను మిగిలియున్నట్లు.